నాంచారి, తాటిదోనె, కుంటిబాతు

ఏంటే, అట్టా మూతి ముడుచుకుని గోడవైపు తిరిగావు? బళ్ళో యోగా అని ఒంటికాలి మీద చెట్టులా నిలబడమన్నారా? నువ్వు పడ్డావా? పడితే అందరూ నవ్వారా? నవ్వనీ. నవ్వటానికి కాళ్ళతో పనిలేదు, నోరుంటే చాలు. రా, ఇటు తిరుగు. నా చెయ్యి మీద తల పెట్టు. ఊఁ కొట్టాలి మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే కథ ఉన్నచోటే కూలబడుద్ది.

అనగనగా నీళ్ళ మధ్యన ఒక ఊరు. కొల్లేట్లో అట్టాంటి ఊళ్ళని లంకలంటారు. ఆ లంకలో ఇంటిముందు బండి ఉండదు, దోనె ఉంటది. తాటిమానుని నిలువునా కోసి, లోపలంతా తొలిచేస్తే దోనె. దాని అడుగు గుండ్రంగా ఉంటది. అందుకని అది కుదురుగా ఉండదు. తుమ్మితే ఊగుద్ది. నవ్వితే ఊగుద్ది. ఊగకూడదు అని గట్టిగా అనుకున్నావనుకో, ఇంకా ఊగుద్ది.

ఆ లంకలో నాంచారి అని ఒక పిల్ల. నీకంటే కాస్త పెద్దది. ఎవరన్నా ఒక మాట అంటే రెండు మాటలు అప్పజెప్పేది. వాళ్ళ నాన్న ఒక వానాకాలం ఈదురుగాలిలో వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటినించి ఇంట్లో నాంచారి, వాళ్ళమ్మ కొండాలు, వాకిట్లో కాసిని బాతులు, రేవులో ఒక దోనె. అంతే.

ఆ లంకలో ఒక కట్టుబాటు ఉండేది. దోనెని ఎవరు నిలబడి నడిపితే దోనె వాళ్ళింటిది. కూచుని నడిపితే లెక్కలోకి రాదు. ఎందుకంటే, కూచున్నవాళ్ళకి ఎత్తైన తుంగ వెనకాల ఏముందో కనపడదు, వల విసరటానికి చెయ్యి ఆడదు. అందుకని ఏటా వానలు వెనకబట్టి కొల్లేరు నిండుగా ఉన్నప్పుడు, ఒక సాయంత్రం ఊరంతా రేవులోకి చేరేది. ఇంటికొకరు దోనె ఎక్కి, నిలబడి, గెడకర్రతో తోసుకుంటూ, నీళ్ళలో పాతిన గుంజదాకా పోయి రావాలి. పోయేటప్పుడూ నిలబడాలి, వచ్చేటప్పుడూ నిలబడాలి. మూడుసార్లు చూస్తారు. మూడుసార్లూ పడితే ఆ దోనె, దోనె చాలని చుట్టాలింటికి పోద్ది.

మంచి కట్టుబాటేనా అంటే, ఏం చెప్పను? దోనె వాడకుండా పడుంటే పుచ్చిపోద్దని పెట్టుకున్నారు. పెట్టేటప్పుడు నాన్నల్లేని పిల్లల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఇన్నాళ్ళూ పిల్ల చిన్నదిలే అని ఊరుకున్నారు. ఆ ఏడు వాళ్ళ పెదనాన్న వచ్చాడు. ఆయన పేరు వడ్డికాసులు. చెడ్డవాడేం కాదు, ముగ్గురు కొడుకులకీ కలిపి ఒక్క దోనె, అదీ ఆయన బాధ.

"ఏమే నాంచారీ, ఈ ఏడు నీ వంతు. అది దోనె అనుకున్నావా, కూచునే పీట అనుకున్నావా?" అన్నాడు.

"నిలబడతాలే పెదనాన్నా. నువ్వు మాత్రం ఒడ్డుమీద కూచుని చూడు," అంది నాంచారి.

అనేసింది గాని, ఇంటికి పోతా లెక్కేసుకుంది. దోనె పోతే నీళ్ళలోకి పోలేరు. బాతుల్ని అమ్మేసుకోవాలి. అమ్మా తనూ లంక వదిలి, గట్టుమీద ఎవరి పొలంలోనో కూలికి పోవాలి. దానికి నిలబడటం రాదు. లంకలో పిల్లలందరికీ వాళ్ళ నాన్నలు నేర్పారు, ముందు కూచోబెట్టుకుని, ఆ తర్వాత పక్కన నిలబెట్టుకుని. దీనికి నేర్పేవాళ్ళేరీ?

వాళ్ళమ్మకేమో నీళ్ళంటే గుండెదడ. "నిలబడటం నేర్చుకోవాలంటే దోనెని మోకేసి ఒడ్డునున్న కొయ్యకి కట్టి నేర్చుకో. విప్పావో, నా మీద ఒట్టే," అంది. సరేనని నాంచారి దోనెని రేవులో కొయ్యకి కట్టి ఎక్కింది. లేచింది. దోనె ఇటు ఒరిగింది, మోకు అటు లాగింది. దబ్బున పడింది.

అప్పుడు వీరాస్వామి తాత దగ్గరికి పోయింది. లంకలో అందరికంటే పెద్ద జాలరి ఆయన.

"తాతా, దోనెలో నిలబడటం ఎట్టా?"

"నీళ్ళు చూడమాకు. అల్లంత దూరాన ఏదో ఒక చెట్టుని పట్టుకో, దాన్నే చూడు. నీళ్ళు చూస్తే నీళ్ళే నిన్ను లాగేస్తయ్," అన్నాడు తాత.

నాంచారి వెళ్ళి దూరంగా ఉన్న తాడిచెట్టుని చూస్తా లేచింది. పడింది. మళ్ళీ లేచింది. మళ్ళీ పడింది. నాలుగు రోజులు పోయాక, ఇది కాదులే అనుకుంది.

ఆ తర్వాత పక్కింటి అంకమ్మత్త దగ్గరికి పోయింది. చేపలగంప నెత్తిన పెట్టుకుని, రెండు చేతులూ వదిలేసి, దోనెలో నిలబడి జడేసుకునే మనిషి ఆవిడ.

"చెట్టుని చూడమన్నాడా? ముసలాయనకి దగ్గరిది ఆనదు, అందుకని దూరం చూస్తాడు. నువ్వు నీళ్ళే చూడు. కాళ్ళ దగ్గర నీళ్ళు ఎటు వంగితే అటు నువ్వూ వంగు," అంది అంకమ్మత్త.

నాంచారి నీళ్ళు చూసింది. నీళ్ళలో దాని మొహమే కనపడింది. ఆ మొహం భయపడుతోంది. దాన్ని చూసి ఇదింకా భయపడింది. దబ్బున పడింది.

ఇంక పిల్లకి తికమక పట్టుకుంది. తాత చెప్పింది తప్పా అంటే, తాత ఏనాడూ పడ్డవాడు కాదు. అత్త చెప్పింది తప్పా అంటే, అత్త దోనెలో నిలబడి జడేసుకుంటది. ఇద్దరూ రైటే. ఇద్దరి మాటా ఒకదానికొకటి పడదు. ఏం చేసిందో తెలుసా? ఒక కన్ను చెట్టు మీద, ఒక కన్ను నీళ్ళ మీద పెట్టింది. తలనెప్పి వచ్చిందిగాని, నిలబడటం రాలేదు.

ఊఁ కొడుతున్నావా? ఆఁ.

ఆ వానాకాలం ఎవరో ఒక స్వామి లంకకొచ్చి, చుట్టూ నీళ్ళు ముంచెయ్యటంతో అక్కడే ఉండిపోయాడు. తెల్లారేసరికి ఊరి చివర మిట్టమీద ఒంటికాలి మీద నిలబడేవాడు. కొంగలు వచ్చి పక్కన వాలేవి, ఈయనా కొంగేననుకుని. నాంచారి చూసింది. మనకి రెండు కాళ్ళతోనే దిక్కులేదు, ఈయన ఒక్కదానితో నిలబడ్డాడు, ఈయన్నే అడగాలి అనుకుంది.

"సామీ, నిలబడటం ఎట్టా?"

స్వామి కళ్ళు తెరిచాడు. కాలు మాత్రం దించలేదు.

"చాలాకాలం చెయ్యి. విడవకుండా చెయ్యి. ఇష్టంగా చెయ్యి," అన్నాడు.

"ఏం చెయ్యాలి?"

"అదే."

"అదే అంటే ఏది?"

స్వామి కళ్ళు మూసుకున్నాడు.

నాంచారికి ఒళ్ళు మండింది. "మనిషి ఎదురుగా నిలబడి అడుగుతుంటే కళ్ళు మూసుకోవటం ఏం మర్యాద సామీ? తాత దూరం చూడమన్నాడు. అత్త దగ్గర చూడమంది. వాళ్ళు నయం, ఏదో ఒకటి చెప్పారు. మీరు ఏం చెయ్యాలో చెప్పకుండా చాలాకాలం చెయ్యమంటున్నారు. చాలాకాలం నా దగ్గర ఎక్కడుంది? పైగా ఇష్టంగానంట! పడితే నీళ్ళు మింగేది నేను. ఇష్టం ఎక్కణ్ణించి వస్తది?"

స్వామి మూతి చివర నవ్వులాంటిది ఒకటి కదిలింది. అంతే.

నాంచారి కాళ్ళు నేలకేసి కొట్టుకుంటా ఇంటికొచ్చింది. ముగ్గుర్ని అడిగింది, మూడు మాటలు తెచ్చుకుంది, మొదటికంటే ఎక్కువ గందరగోళంలో పడింది.

ఈలోపల సాయంత్రమైంది. సాయంత్రమైతే బాతుల్ని ఇంటికి తోలుకురావాలి.

బాతుల సంగతి చెప్పలేదు కదూ నీకు? పొద్దున్నే వాకిట్లో తడిక తీస్తే బాతులు వాటంతటవే నీళ్ళలో దిగి, గుంజ దాటి, తుంగదిబ్బకి పోయేవి. పోవటం వచ్చుగాని తిరిగి రావటం రాదు వాటికి. చీకటి పడితే నీటికుక్కలు పట్టుకుపోతయ్. అందుకని నాన్న పోయినప్పటినించి, రోజూ సాయంత్రం నాంచారే దోనెలో పోయి తోలుకొచ్చేది. వానొచ్చినా పోయేది. జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకుని పోయేది. అమ్మతో పోట్లాడి అన్నం మానేసిన రోజున కూడా పోయేది. బాతులకేం తెలుసు ఇంట్లో పోట్లాటలు?

దానికి వాళ్ళమ్మ ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. "కూచుని పో, కూచుని రా. లేచావంటే ఊరుకోను." సరేనని నాంచారి కూచునే పోయేది.

ఆ బాతుల్లో ఒకటి కుంటిది. చిన్నప్పుడు దాని కాలు ఏదో కొరికింది. మిగతావన్నీ 'దా దా దా' అంటే బిలబిలా వచ్చేసేవి. ఇది మాత్రం వెనకబడి, తుంగలో ఎక్కడో ఇరుక్కుని, 'బ్యాక్' అని ఒక్క అరుపు అరిచి ఊరుకునేది. నాంచారికి అదంటే ప్రాణం. దాంతోనే కబుర్లన్నీ. "ఎక్కడున్నావే మహాతల్లీ? నీకు పల్లకీ పంపించాలా?" అంటా వెతికేది.

కూచుంటే తుంగ అడ్డం. కనపడేది కాదు. అందుకని మొదట్లో మోకాళ్ళ మీద లేచి చూసేది. ఆ తర్వాత తుంగ ఇంకా ఎదిగింది. అప్పుడు గొంతుక్కూచుని మెడ సాచి చూసేది. ఆ తర్వాత వానలు బాగా పడి తుంగ మనిషెత్తు ఎదిగింది. అప్పుడు...

"అప్పుడు నిలబడింది కదా అమ్మమ్మా!"

ఉష్! మెల్లగా అను. ఆ పిల్లకి వినపడుద్ది.

దానికి తెలీదే. నువ్వు అన్నం తినేటప్పుడు ముద్ద నోటికి ఎట్టా పోతందో చూసుకుంటావా? నీ చూపంతా కథ మీదో, పిల్లిమీదో ఉంటది. దాని చూపంతా కుంటిదాని మీద. కుంటిది కనపడగానే గబుక్కున వంగి దాన్ని మిగతావాటిలోకి తోలేసి, తుంగ దాటి రేవు కనపడేసరికి అలవాటుగా కూచునేసేది. అమ్మ చూస్తదిగా మరి. ఇంటికొచ్చాక అడిగితే, "కూచునే పోయాను, కూచునే వచ్చాను," అని ఒట్టు కూడా పెట్టేది. అబద్ధం కాదు. నిజంగానే అట్టా అనుకునేది.

ఆ తర్వాత ఆ సాయంత్రం రానే వచ్చింది.

రేవంతా జనం. పెదనాన్న కొడుకులు ముగ్గురూ టకటకా పోయి వచ్చేశారు. ఇంకా కొందరు పోయి వచ్చారు. అందరి తర్వాత నాంచారి దోనె ఎక్కింది. కొండాలు చీరచెంగు నోట్లో కుక్కుకుంది.

మొదటిసారి నాంచారి దూరంగా తాడిచెట్టుని చూస్తా లేచింది. దోనె ఒరిగింది. దబ్బున పడింది. రేవులో కొందరు నవ్వారు.

రెండోసారి నీళ్ళని చూస్తా లేచింది. మొన్నటి మొహమే మళ్ళీ కనపడింది. దబ్బున పడింది. ఈసారి నవ్వినవాళ్ళు తక్కువ.

"చెట్టుని చూడవే!" అని తాత అరిచాడు. "నీళ్ళు చూడు నీళ్ళు!" అని అంకమ్మత్త అరిచింది. వాళ్ళిద్దరూ అక్కడే ఒకళ్ళతో ఒకళ్ళు వాదన పెట్టుకున్నారు. నాంచారి తడిసిన బట్టల్తో దోనెలో కూలబడి, ఇటు చూసింది, అటు చూసింది. చెట్టా, నీళ్ళా? చాలాకాలం ఏం చెయ్యాలి? విడవకుండా ఏం చెయ్యాలి? ఇష్టంగా ఏం చెయ్యాలి? బుర్ర అంతా చిక్కుపడ్డ వలలాగా అయిపోయింది. ఏ కొస లాగినా ఇంకో ముడి.

అప్పుడు పడమర ఎర్రబడింది. దూరంగా తుంగదిబ్బ మీంచి బాతుల గోల వినపడింది.

"అయ్యో, పొద్దుగూకింది!" అంది నాంచారి. గెడకర్ర అందుకుంది.

"ఏమే, మూడోసారి లేవవా?" అన్నాడు వడ్డికాసులు.

"లేవను పెదనాన్నా. నాకు నిలబడటం రాదు. ఎవరి మాట వినాలో కూడా తెలీట్లేదు. బాతుల్ని తోలుకురావటం ఒక్కటే వచ్చు, అది చేసొస్తా. ఆ తర్వాత దోనె నువ్వే తీసుకుపో. ఇప్పుడు మాత్రం అడ్డం రామాకు, నీటికుక్కలు తిరిగే వేళ."

అనేసి, కూచునే తోసుకుంటా వెళ్ళిపోయింది. గుంజ దాటింది. తుంగలోకి పోయింది. కనపడలేదు.

రేవులో జనం లెక్క చూసుకున్నారు. గెలిచిందా అంటే లేదు. ఓడిందా అంటే మూడోసారి చెయ్యనే లేదు. పోదామా ఉందామా అని అందరూ అట్టాగే నిలబడ్డారు.

కాసేపటికి తుంగ పైన ఒక తల కనపడింది. ఆ తర్వాత భుజాలు. 'దా దా దా' అని పిలుపు. తుంగ పక్కకి ఒరిగింది. ముందు బాతులు, వెనకాల దోనె, దోనెలో నాంచారి. నిటారుగా నిలబడి ఉంది. ఒక చేత్తో గెడకర్ర తోస్తంది, ఒక చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని బాతుల్లో దేన్నో వెతుక్కుంటంది. ఆ రోజు దాని బుర్ర ఎంత చెడిపోయిందంటే, రేవు కనపడ్డాక కూచోవటం కూడా మర్చిపోయింది.

ఎవరో కేక వెయ్యబోతే కొండాలు వాళ్ళ నోరు మూసేసింది. తన నోట్లో చెంగు మాత్రం జారిపోయింది.

దోనె రేవు దగ్గరికొచ్చింది. అందరూ గుడ్లప్పగించి చూస్తున్నారు.

"ఏంటట్టా చూస్తారు? తీసుకుపొమ్మన్నాగా పెదనాన్నా," అంది నాంచారి.

వడ్డికాసులు తేరుకున్నాడు. "వచ్చేటప్పుడు నిలబడింది సరే. పోయేటప్పుడు కూచుంది! అందరూ చూశారు. పోయేటప్పుడూ నిలబడాలి, వచ్చేటప్పుడూ నిలబడాలి. ఇది చెల్లదు!"

"నిలబడిందిగా, ఇంకేం కావాలి నీకు? తలకిందులుగా నడపాలా?" అంది అంకమ్మత్త.

"చెట్టుని చూసింది, అందుకే నిలబడింది," అన్నాడు తాత.

"నీళ్ళు చూసింది!" అంది అత్త.

చెల్లుతుందని కొందరు, చెల్లదని కొందరు. పోట్లాట మొదలైంది. నాంచారికి వాళ్ళ మాటలు ఒక్కటీ చెవికెక్కలేదు. బాతుల్ని చూసుకుంటంది.

"కుంటిదేదీ?" అంది.

జనాన్ని చూసి బెదిరి, కుంటిది వెనక్కి తిరిగి ఈదుకుంటా పోయింది. పోయి పోయి గుంజ దగ్గర ఆగి, 'బ్యాక్' అని అరిచింది.

"వస్తున్నా, ఉండవే మహాతల్లీ!" అంది నాంచారి. నిలబడ్డది నిలబడ్డట్టే గెడకర్ర నీళ్ళలో గుచ్చి దోనె తిప్పింది. రేవులో పోట్లాట ఆగిపోయింది. గుంజదాకా పోయింది. కుంటిదాని వెనకాలకి దోనె తెచ్చి, గెడకర్ర కొసతో మెల్లగా అదిలించింది. ఆ తర్వాత దాన్ని ముందు పెట్టుకుని, దాంతో కబుర్లు చెప్పుకుంటా, రేవుకి తిరిగొచ్చింది. పోయేటప్పుడూ నిలబడింది, వచ్చేటప్పుడూ నిలబడింది.

వడ్డికాసులు గుంజకేసి చూశాడు. చుట్టూ చూశాడు. "చెల్లింది," అన్నాడు.

"ఎప్పుడు నేర్చావే తల్లీ?" అంది కొండాలు ఏడుస్తా.

"ఏంటి నేర్చింది?"

"నిలబడటం!"

"నేనా? నేను నిలబడ్డానా?" అంది నాంచారి. అప్పుడు కిందికి, తన కాళ్ళకేసి చూసుకుంది.

చూసుకోగానే దబ్బున పడింది.

ఈసారి రేవంతా నవ్వింది. కొండాలు నవ్వింది. వడ్డికాసులు కూడా నవ్వి, చెయ్యిచ్చి పైకి లాగాడు. దోనె నాంచారి వాళ్ళ రేవులోనే ఉండిపోయింది. మర్నాడు కొండాలు ఆ మోకు తీసి, దండెం కట్టి, బట్టలారేసుకుంది.

కానీ నాంచారికి తికమక పోలేదు. తెల్లారగానే స్వామి దగ్గరికి పరిగెత్తింది.

"సామీ, మీరు చెప్పింది బాతుల సంగతా? అట్టాగైతే ఆ రోజే బాతులని చెప్పొచ్చుగా!"

స్వామి ఈసారి కాలు దించేశాడు. పకపకా నవ్వాడు.

"మీ ఇంట్లో బాతులున్నాయని నాకేం తెలుసే పిల్లా?" అన్నాడు.

"మరి చెట్టు చూడాలా, నీళ్ళు చూడాలా అమ్మమ్మా? ఎవరు చెప్పింది రైటు?"

నాకేం తెలుసే? తాతా అంకమ్మత్తా ఇంకా వాదించుకుంటానే ఉండుంటారు. నాంచారికీ తెలీదు. అది మాత్రం ఆ సాయంత్రం కూడా బాతులకి పోయింది.

"మరి నేను రేపు బళ్ళో ఏం చెయ్యాలి?"

అదీ నాకు తెలీదు. ముందు లెగువు. నా మోకాళ్ళు పీకుతున్నయ్, పై అరలో నూనెసీసా తియ్యి. రోజూ తీసేదేగా. పీటేసుకో. ఆఁ. పీట పొట్టిది, అందదు, సాగాలి, రోజూ సాగినట్టే. ఒక కాలు గాల్లోకి, వెనక్కి... ఆఁ, అట్టాగే.

ఏంటి, ఆగిపోయావు? ఎందుకట్టా నోరు తెరిచావు?

కిందికి చూడమాకు తల్లీ. సీసా తియ్యి. మెల్లగా దిగు. ఇటియ్యి.

నేనా? నవ్వలేదే. పడుకో ఇంక.

బాతులు గూటికి,
దోనె రేవుకి,
కథ కంచికి,
నూనె నా కాళ్ళకి,
నిద్ర నీ కళ్ళకి.